పగలని సీసా

నాకు ఇరవై మూడేళ్ళు వచ్చేదాకా సీసా అంటే గాజుదే. వేరే రకం సీసా ఒకటి ఉంటుందని నాకే కాదు, మా వైపు ఎవరికీ తోచి ఉండదు. తలనూనె, అత్తరు, పన్నీరు అన్నీ గాజులోనే వచ్చేవి. మొహానికి రాసుకునే స్నో అయితే పాలరంగు గాజు డబ్బాలో, రేకు మూతతో వచ్చేది. ప్లాస్టిక్ అన్న మాట వింటూనే ఉన్నాం గానీ, ఇళ్ళల్లో దాని వాటా చాలా చిన్నది. సీసా మీద నల్లటి మూత, ఆడవాళ్ళ దువ్వెన, పెనుగంచిప్రోలు తిరునాళ్ళలో కొన్న బొట్టు డబ్బా, అంతే.

మాది నందిగామ. స్కూలు ఫైనలు గట్టెక్కి, టైపు నేర్చుకుని, ఏ ఉద్యోగమూ రాక కొన్నాళ్ళు ఊరికే తిరిగాను. ఆ తర్వాత బెజవాడలో ఖాళీ సీసాలు అమ్మే ఒక పెద్దమనిషి దగ్గర పని దొరికింది. ఆ రోజుల్లో ప్రతి ఊళ్ళోనూ ఇంట్లోనే తలనూనె కాచేవాళ్ళో, పళ్ళపొడి నూరేవాళ్ళో, స్నో కలిపి చిన్న డబ్బాల్లో పెట్టి అమ్మేవాళ్ళో ఒకరిద్దరు ఉండేవారు. వాళ్ళ దగ్గరికి వెళ్ళి సీసాలకు ఆర్డర్లు తేవడం నా పని. కంచికచర్ల, నందిగామ, జగ్గయ్యపేట నా లైను. పదిహేను రోజులకోసారి బస్సెక్కేవాణ్ణి.

అరవైల నడిమిలో ఒకరోజు మద్రాసు నుంచి కొట్టుకి పెద్ద అట్టపెట్టె వచ్చింది. గాజు సీసాల పెట్టె ఎత్తే అలవాటుతో నడుం బిగించి ఎత్తాను. అది దూదిలా లేచి, నేను వెనక్కి తూలి పడబోయాను. మా యజమాని నవ్వాడు. లోపల తెల్లటి సీసాలు. తెలుపంటే పూర్తి తెలుపు కాదు, గంజినీళ్ళ రంగు. నొక్కితే లోపలికి పోయి, వదిలితే మళ్ళీ పైకి వచ్చేవి. మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటే అప్పుడే ఆర్పిన కొవ్వొత్తి వాసన.

యజమాని పెద్దగా చదువుకున్నవాడు కాదు. ఆయన విద్యంతా అగ్గిపుల్లలో ఉండేది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పాత దువ్వెన పన్ను ఒకటి విరిచి వెలిగించాడు. అది కర్పూరంలా భగ్గుమంది. “ఇది సెల్యులాయిడ్. పొయ్యి దగ్గర పెట్టుకోవద్దని చెప్పు.” తర్వాత నల్ల మూత ముక్క. అది కరగలేదు, మాడింది. ఆసుపత్రి వాసన వేసింది. “బేకలైటు.” బొట్టు డబ్బా ముక్క నల్లటి పొగ వదిలింది, మసి గాల్లో తేలింది. ఆఖరున కొత్త సీసా అంచు వెలిగిస్తే నీలిమంట వచ్చి, బొట్టు బొట్టుగా కరిగి నేల మీద పడింది. “ఇది పాలిథీన్. దీనికి పగలటం రాదు. పోయి అదే చెప్పు,” అన్నాడు.

అదే చెప్పాను. చెప్పడమేమిటి, చేసి చూపించేవాణ్ణి. కొట్టు ముందు బండరాయి ఉంటే చాలు, సీసా నిండా నీళ్ళు పోసి, మూత బిగించి, తల ఎత్తు నుంచి వదిలేసేవాణ్ణి. జనం అయ్యో అనేవారు. అది దొర్లుకుంటూ పోయి ఆగేది. ఎవరో ఒకరు పరుగెత్తి తెచ్చి, తిప్పి చూసి, నన్ను చూసేవారు. అంత సంతోషం నాకు మరే పనిలోనూ దొరకలేదు.

జగ్గయ్యపేటలో, పాలేటి ఒడ్డుకి పోయే వీధిలో ఒక పెంకుటిల్లు ఉండేది. అక్కడ ఒక అత్తా కోడలూ తలనూనె కాచి అమ్మేవారు. అత్తగారికి అరవై దాటి ఉంటాయి. కోడలికి నా వయసే, లేదా ఒకటి రెండేళ్ళు ఎక్కువ. కొబ్బరినూనెలో గుంటగలగరాకు పసరు, మందార పూలు, వట్టివేళ్ళు వేసి కాచి, దించే ముందు మరువం వేసేవారు. ఆ వాసన వీధి మలుపు దాకా వచ్చేది. ఊళ్ళోవాళ్ళు తమ సీసాలు తామే తెచ్చుకుని పోయించుకునేవారు. బయటి ఊళ్ళ బేరానికి మాత్రం నా దగ్గర గాజు సీసాలు తీసుకునేవారు.

కోడలి మెడలో పుస్తెలతాడు ఉండేది. భర్త భిలాయి ఇనుప ఫ్యాక్టరీలో పనికి వెళ్ళాడని వీధిలో వాళ్ళ మాటల్లో విన్నాను. అంతకు మించి అడగలేదు. మొదటిసారి వెళ్ళినప్పుడే, మా యజమాని నేర్పిన మర్యాద ప్రకారం “అక్కయ్యగారూ” అని పిలిచాను. ఆ పిలుపే స్థిరపడిపోయింది.

ప్లాస్టిక్ సీసా తీసుకుని వెళ్ళిన రోజు వాళ్ళ అరుగు ముందే నా విద్య ప్రదర్శించాను. ఆవిడ నవ్వలేదు, ఆశ్చర్యపోలేదు. దాన్ని చేతిలోకి తీసుకుని, అడుగున అతుకు గీత మీద బొటనవేలితో రాసి చూసింది.

“ఇందులో నూనె పోసి దూరం పంపిస్తే కారదాండీ?”

“కారదండీ అక్కయ్యగారూ.”

“చాలా దూరం. రైల్లో, మూడు నాలుగు రోజులు. మూటలకింద పడి నలిగినా?”

“నలిగినా మళ్ళీ నిలబడుద్దండీ. మీరే నొక్కి చూడండి.”

ఆవిడ నొక్కి చూసింది. వదిలింది. మళ్ళీ నొక్కింది. “ఒకటి ఉంచి వెళ్ళండి,” అని లోపలికి పోయింది.

నేను సంచీ సర్దుకుంటూ ఉంటే, ఇంతసేపూ అరుగు మీద మరువం కట్టలు విప్పుతున్న అత్తగారు లేచి నా దగ్గరికి వచ్చింది. గొంతు తగ్గించి, “అబ్బాయ్, అది మాకొద్దులే. గాజుయ్యే తెచ్చియ్యి నాయనా,” అంది.

“ఎందుకండీ పెద్దమ్మగారూ, ఇది పగలదు గదా!”

“అందుకే వద్దంటన్నా. పగలని సీసా దానికియ్యమాక.”

లోపల్నుంచి అడుగుల చప్పుడు వినపడి ఆమె తన చోటికి వెళ్ళి కూర్చుంది. పాతకాలపు మనిషి, కొత్త వస్తువంటే భయం కాబోలు అనుకున్నాను. దారిలో మరిచిపోయాను కూడా. ఆ మాట దగ్గర నేను ఒక్క క్షణం ఆగి ఉంటే ఎలా ఉండేదోనని ఆ తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

మళ్ళీ వెళ్ళేసరికి ఆవిడ ఆ సీసా తెచ్చి నా ముందు పెట్టింది. చూడగానే గుర్తుపట్టలేకపోయాను. పక్కలు లోపలికి పోయి, ఆకలితో ఉన్న మనిషి దవడల్లా ఉంది. పైన అంతా జిడ్డు. ఆ జిడ్డుకి దుమ్ము పట్టింది.

“మూత తీసి చూడండి,” అంది.

తీశాను. నూనె ఉంది. మరువం లేదు. అంత ఘాటైన వాసన ఎక్కడికి పోయిందో, ఉత్త కొబ్బరినూనె, అడుగున ఆ కొవ్వొత్తి వాసన.

“మీ సీసా నా మరువాన్నంతా తాగేసిందండీ,” అంది. కోపం లేదు మాటలో. పిల్లవాడు తప్పు లెక్క చేస్తే చూసే టీచరులా చూసింది. నాకు తల కొట్టేసినట్టయింది. అప్పటిదాకా బండరాయి మీద పడేయడం తప్ప, ఆ సీసాలో ఏదన్నా పోసి పదిరోజులు ఉంచి చూద్దామన్న ఆలోచనే నాకు రాలేదు.

బెజవాడ వెళ్ళి యజమానిని అడిగాను. ఆయన నెత్తి గోక్కుని, “పల్చటి సరుకు. సెంటు దాంట్లోంచి ఇంకి బయటికి పోతది. ఇదే జాతిలో గట్టి రకం ఒకటి వస్తందంట, తెప్పిద్దాం,” అన్నాడు. తెప్పించాడు. అది నొక్కితే అంత సులువుగా లొంగదు. గోటితో కొడితే చెక్క మీద కొట్టినట్టు పలుకుతుంది. అందులోనే మూడు మందాలు. మూడూ తీసుకుని వెళ్ళాను.

ఆ తర్వాత మూడు నాలుగు నెలలు నా జీవితంలో నేను మళ్ళీ చూడని రోజులు. అమ్మకం సంగతి మరిచిపోయాను. పదిహేను రోజులకోసారి వెళ్ళాల్సినవాణ్ణి ఏదో వంక పెట్టుకుని వారానికోసారి జగ్గయ్యపేట బస్సెక్కేవాణ్ణి. ఆవిడ ఒక్కో సీసాకీ ఒక్కో రంగు దారం కట్టి, నూనె పోసి, గూట్లో వరసగా పెట్టేది. ఎర్రదారం సీసా ఎండలో, పచ్చదారం సీసా నీడలో. మూత కింద బెండు బిళ్ళ ఒకదానికి, మైనం పూసిన కాగితం ఇంకోదానికి. నేను వెళ్ళగానే ఒక్కోటి తెరిచి నాకిచ్చేది. నేను వాసన చూసి తిరిగి ఇచ్చేవాణ్ణి. ఆవిడ చూసేది. ఇద్దరం ఏమీ అనకుండా ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్ళం. మొదట ఎవరు చెప్తారా అని.

“సగం ఉందండీ.”

“సగం ఎక్కడుంది? పావు.”

“నా ముక్కుకి సగం తెలుస్తంది అక్కయ్యగారూ.”

“మీ ముక్కుకి అలవాటైపోయింది. ఈ ఇంట్లోకి వచ్చాక అందరి ముక్కులూ అంతే. బయటికెళ్ళి కాసేపు నిలబడి రండి.”

నిజంగానే వీధిలోకి వెళ్ళి నిలబడి వచ్చేవాణ్ణి. వీధిలో వాళ్ళు నన్ను వింతగా చూసేవారు. ఒకసారి ఆవిడ తొందరపడి నూనె ఇంకా వేడిగా ఉండగానే పోసేసరికి పల్చటి సీసా నడుం వంగి, మెల్లగా పక్కకి ఒరిగి పడుకుంది. ఆ రోజు మొదటిసారి ఆవిడ పైకి నవ్వింది. అత్తగారు మాత్రం నవ్వేది కాదు. మేము సీసాలు వాసన చూస్తుంటే ఆమె ప్రత్తి ఏరుతూ మా వైపు చూసేది. నాకు అది నా మీద అనుమానం అనిపించి సిగ్గుగా ఉండేది. అనుమానపడటానికి నాలో కారణం ఉంది గనక.

నందిగామలో మా అమ్మ నా చొక్కాలు ఉతుకుతూ “నీ బట్టలకి ఎప్పుడూ మరువం వాసనేందిరా?” అని అడిగింది. తలనూనె వాళ్ళ ఇళ్ళకి తిరిగే పని కదమ్మా అన్నాను. అబద్ధం కాదు. కానీ ఆ చొక్కా ఉతక్కుండా ఒక రోజు ఎక్కువ దాచుకున్నాను.

చివరికి పచ్చదారం సీసా గెలిచింది. గట్టి రకం, మందం ఎక్కువ, మైనం కాగితం వేసి బిగించిన బేకలైటు మూత. నెల తర్వాత తెరిచినా మరువం ముక్కుకి తగిలింది. పూర్తిగా కాదు గానీ, కళ్ళు మూసుకుంటే ఇది ఎవరింటి నూనో చెప్పగలిగేంత.

ఇక పెద్ద ఆర్డరు వస్తుందని నేను పుస్తకం తీశాను. ఆవిడ లోపలికి వెళ్ళి, గుడ్డతో కుట్టిన ఒక చిన్న మూట తెచ్చింది. లోపల సీసా ఉన్నట్టు తెలుస్తోంది. దాంతోపాటు నలిగిన కాగితం ముక్క.

“మీకు ఇంగ్లీషు రాయడం వచ్చుగదండీ. ఈ అడ్రసు దీనిమీద రాసిపెట్టండి.”

కాగితం మీద భిలాయి అడ్రసు ఉంది. ఆవిడ భర్త పేరు ఉంది.

అప్పుడు చెప్పింది. ఆయన వెళ్ళి నాలుగేళ్ళయింది. మొదటి ఏడాది ఉత్తరాలు వచ్చాయి. అక్కడి నీళ్ళకి జుట్టు రాలిపోతోంది, మన నూనె పంపమని రాశాడు. గాజు సీసాలో పోసి పంపింది. అది దారిలోనే పగిలి, మిగతా వాళ్ళ ఉత్తరాలన్నీ పాడయ్యాయని పోస్టాఫీసు వాళ్ళు కేకలేశారు. ఇక నూనె తేవద్దన్నారు. ఆ తర్వాత ఉత్తరాలు తగ్గి, ఆగిపోయాయి. ఆవిడ కార్డులు రాస్తూనే ఉంది.

“అడిగింది పంపలేదని కోపమొచ్చిందేమో ఆయనకి. కోపమొస్తే పలకడు, మొదట్నించీ అంతే,” అంది. “ఇది అందితే రాస్తాడు.”

ఇన్ని నెలలుగా గూట్లో దారాలు కట్టి పెట్టిన సీసాలన్నీ దేనికోసమో అప్పటికి అర్థమైంది. కలం తీశాను. గుడ్డ మీద, సిరా పాకకుండా, ఒక్కో అక్షరం దిద్ది రాశాను. అంత అందంగా నేను నా పేరు కూడా ఎప్పుడూ రాసుకోలేదు. అత్తగారు గుమ్మంలో నిలబడి నా చేతినే చూస్తోంది. ఆమె మొహం చూసి నేను తల దించుకున్నాను.

పోస్టాఫీసుకి నేనే తోడు వెళ్ళాను. గుమాస్తా నూనె అనగానే మొహం చిట్లించాడు. “మీరే కింద పడేసి చూడండి సార్,” అన్నాను. ఆయన నిజంగానే పడేశాడు. మూట దొర్లి గోడకి తగిలి ఆగింది. చుక్క బయటికి రాలేదు. రిజిస్టరు చేసి, లక్క ముద్ర వేసి తీసుకున్నాడు. ఆవిడ రసీదు మడిచి జాకెట్లో పెట్టుకుంది. తిరిగి వస్తూ, “మీ ఋణం తీర్చుకోలేనండీ,” అంది.

ఆ తర్వాత రెండు నెలలూ నేను ఏమనుకున్నానో దాచడం దేనికి? ఆ పార్సిలు చేరకూడదని కోరుకున్నాను. వెంటనే చెంపలేసుకుని, చేరాలని కోరుకున్నాను. రెండు కోరికలూ నిజమైనవే. ప్రతిసారీ ఆ వీధి మలుపు తిరగ్గానే ఆవిడ మొహంలో ఉత్తరం వచ్చిన వెలుగు ఉంటుందేమోనని భయపడుతూ వెళ్ళేవాణ్ణి. లేకపోతే ఊపిరి పీల్చుకునేవాణ్ణి. అలా ఊపిరి పీల్చుకున్నందుకు తిరుగు బస్సంతా సిగ్గుపడేవాణ్ణి.

ఎండలు ముదురుతున్న ఒక మధ్యాహ్నం వెళ్ళాను. అరుగు మీద మూట ఉంది. నేను రాసిన అక్షరాల మీద అడ్డంగా ఎర్ర సిరాతో రెండు వరసలు. ఆవిడ పక్కనే కూర్చుని ఉంది. పొద్దున పోస్టుమాను ఇచ్చి వెళ్ళాడట. పొద్దుట్నుంచీ నాకోసం చూస్తోంది.

“ఏం రాశారో చదవండి.”

చదివాను. అడ్రసులో చెప్పిన మనిషి అక్కడ లేడు. రెండేళ్ళ కిందటే వెళ్ళిపోయాడు. ఎక్కడికి వెళ్ళాడో తెలియదు.

“ఇల్లు తాళం వేసి ఉందంటండీ,” అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూసింది. “అంత చిన్నమాటకి రెండు వరసలెందుకు? రాసింది రాసినట్టు చెప్పండి.”

చెప్పాను.

ఆవిడ లేచి లోపలికి వెళ్ళింది. కత్తిపీట తెచ్చి కుట్టు కోసింది. సీసా బయటికి తీసింది. భిలాయి దాకా పోయి, ఎన్ని చేతులు మారి, ఎన్ని బస్తాల కింద పడి వచ్చిందో, ఎక్కడా చొట్ట లేదు. మూత చుట్టూ చెమ్మ కూడా లేదు.

“పగిలిందేమో, అందలేదేమో అనుకుంటా ఉండేదాన్ని. కార్డులు పోయినయ్యేమో అనుకునేదాన్ని,” అంది.

అప్పుడు అత్తగారు గుమ్మంలోంచి వచ్చి నేల మీద కూర్చుంది.

“నాకు తెలుసే,” అంది.

ఆవిడ తల తిప్పింది.

“నిరుటి ముందేడు పెనుగంచిప్రోలు తిరునాళ్ళకి పోయాగా. వాడితో కలిసి పనిజేసినోడు కనపడ్డాడు. అక్కడో ఆడమనిషిని పెట్టుకున్నాడంట. పిల్ల కూడా పుట్టిందంట. ఎవరికీ చెప్పకుండా ఊరు మారి పోయారంట.”

“అప్పట్నించీ తెలుసా?”

“తెలుసు.”

“నేను కార్డులు రాస్తుంటే చూస్తా కూర్చున్నావా అత్తయ్యా? ఈ సీసాల్లో నూనె పోసి, ఎండలో పెట్టి, నీడలో పెట్టి, ఇన్నాళ్ళు... చూస్తానే ఉన్నావా?”

ముసలావిడ గొంతు పగిలింది. “చెప్తే నువ్వెళ్ళిపోతావు. మీ పుట్టింటోళ్ళు వచ్చి తీసుకుపోతారు. నాకింకెవరున్నారే? కన్నకొడుకు ఎట్టాగూ పోయె.”

ఆవిడ సీసా అరుగు మీద పెట్టి, లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది. నూతి గిలక చప్పుడు వినపడింది. చేద పడటం, లాగటం, నీళ్ళు పారబోయటం, మళ్ళీ చేద పడటం. ఎంతసేపు తోడిందో! ముసలావిడ నా వైపు చూసి, “చెప్పా గదయ్యా నీకు, ఇయ్యమాక అని,” అంది. ఆ మాటలో నింద కన్నా అలసటే ఎక్కువ ఉంది. నేను సంచీ తీసుకుని వచ్చేశాను.

పదిహేను రోజుల తర్వాత వెళ్ళేటప్పుడు ఇంటికి తాళం ఉంటుందనే అనుకున్నాను. తలుపు తీసే ఉంది. అరుగు మీద ముసలావిడ కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంటే, కోడలు వెనక మోకాళ్ళ మీద నిలబడి ఆమె తలకి నూనె పెడుతోంది. పక్కన ఆ సీసా, సగం ఖాళీ అయి. పల్చటి తెల్ల జుట్టులో వేళ్ళు పెట్టి మెల్లగా, ఏ తొందరా లేకుండా రుద్దుతోంది. ముసలావిడ కళ్ళు మూసుకుని ఉంది. కళ్ళ కొసల్లోంచి నీళ్ళు వస్తున్నాయి. వాళ్ళిద్దరి మధ్య ఆ పదిహేను రోజుల్లో ఏమేం మాటలు నడిచాయో నాకు తెలియదు. ఆవిడ చెప్పలేదు.

“ఆ గట్టి రకం నాలుగు డజన్లు పంపండి. ఖమ్మం బేరం ఒకటి వచ్చింది,” అని మాత్రం అంది.

మెడలో పుస్తెలతాడు లేదు. నేను చూసినట్టు ఆవిడ గమనించింది గానీ, కొంగు సర్దుకోలేదు.

ఆ ఏడాదంతా నేను నాలో నేను మాట్లాడుకున్నాను. బస్సులో, సీసాలు సర్దుతూ, నందిగామలో అన్నం తింటూ. ఆవిడకి ఇక మొగుడు లేనట్టే. నాకు పెళ్ళి కాలేదు. మొగుడు వదిలేసిన ఆడమనిషి విడాకులు తీసుకుని మళ్ళీ పెళ్ళి చేసుకోడానికి చట్టం కూడా ఒప్పుకుంటుందని ఎవరో వకీలు గుమాస్తా మాటల్లో విన్నాను. ఒకరోజు ముసలావిడ పక్కింటికి వెళ్ళినప్పుడు ఆవిడ మందార పూలు రేకులు విడదీస్తూ ఉంటే నోరు తెరిచాను.

“మిమ్మల్ని ఇక అక్కయ్యగారూ అని పిలవలేనండీ.”

ఆవిడ చేతులు ఆగాయి. ఎందుకని అడగలేదు. పూల వైపే చూస్తూ, “తెలుసండీ. సీసాలు వాసన చూసే రోజుల్లోనే తెలిసింది,” అంది.

నేను సంచీ పక్కన పెట్టి అరుగు మీద కూర్చున్నాను.

“ఆయన కోసం కూర్చోలేదు నేను. ఆ ముడి తీసేశా. కానీ ఈవిడని ఏం చేయమంటారు? కొడుకు వదిలేసిన మనిషిని నేను కూడా వదిలేస్తే ఎట్టా బతుకుద్ది?”

“ఆవిణ్ణి కూడా...” అన్నాను. తర్వాతి మాట రాలేదు. మా అమ్మ కళ్ళ ముందు కనపడింది. మా వీధి కనపడింది. మొగుడున్న మనిషిని, వేరే కులపు మనిషిని, ఆవిడ అత్తగారితో సహా తెచ్చి మా గుమ్మంలో నిలబెట్టడం కనపడింది. ఆ ఒక్క క్షణం తటపటాయింపు ఆవిడ చూసేసింది.

“ఈ మాట ఇంకోసారి అనమాకండి,” అంది. “అంటే అవునంటానేమోనని భయంగా ఉంది.”

పాలేటి మీదుగా వచ్చే గాలికి పూరేకులు అరుగంతా చెదిరాయి. ఇద్దరం వంగి ఏరాం. చేతులు తగలకుండా ఏరాం.

ఆవిడ ఆ మాటని తలుపు మూసి చెప్పలేదు. తీసి ఉంచే చెప్పింది. ఆ సంగతి నాకు ఇప్పుడు బాగా తెలుస్తోంది. ఇంకోసారి అనమాకండి అన్న మాటలో అనమన్న పిలుపు కూడా ఉంది. ఆ రెండోసారి అనడానికి వెళ్ళాలని మూడుసార్లు బస్సెక్కాను. ఒకసారి కంచికచర్లలో దిగిపోయాను. ఒకసారి మా నందిగామలో దిగి ఇంటికి వెళ్ళి పడుకున్నాను. మూడోసారి జగ్గయ్యపేట దాకా వెళ్ళి, ఆవిడ గుమ్మం ముందు నిలబడి, సీసాల ఆర్డరు రాసుకుని వచ్చేశాను. ఆవిడ ఆ రోజు తలంటుకుని, కొత్త చీర కట్టుకుని ఉంది. నేను వెళ్తున్నానని చెప్పినప్పుడు “మంచిదండీ” అంది. అంతే.

ఆ నెలాఖరున యజమానిని అడిగి లైను మార్పించుకున్నాను. గుంటూరు వైపు వెళ్ళాను. నా చోట జగ్గయ్యపేట వెళ్ళే కొత్తతను వచ్చినప్పుడల్లా, ఆ ఇంటి ఆర్డరు ఎలా ఉందని మామూలుగా అడిగినట్టు అడిగేవాణ్ణి. బాగానే ఉందనేవాడు. కోదాడకి, ఖమ్మానికి పోతోందనేవాడు. వాళ్ళు ఎలా ఉన్నారని అడగడానికి నాకు నోరు వచ్చేది కాదు. మా అమ్మ చూసిన సంబంధం చేసుకున్నాను. నా భార్య మంచిది. ఆవిడ గురించి నా భార్యకి ఎప్పుడూ చెప్పలేదు. చెప్పడానికి జరిగిందేముంది అనిపించేది.

ఇంతలోనే సీసాల లోకమంతా మారిపోయింది. స్నో డబ్బాలు ప్లాస్టిక్ అయ్యాయి, పౌడరు డబ్బాలు అయ్యాయి. గులాబీ రంగువి, లేతనీలంవి, మూత తిప్పితే చిల్లులు తెరుచుకునేవి. అయిపోయిన డబ్బాల్లో ఆడవాళ్ళు పిన్నీసులు, గుండీలు దాచుకునేవారు. ఎవరూ వాటిని కింద పడేసి చూపించమని అడగడం మానేశారు. నా విద్యకి పని లేకుండా పోయింది.

అరవైలు ముగిసే ముందు ఒకసారి నందిగామ వెళ్ళాను. ఆసుపత్రి ఎదురుగా ఉన్న కాకా హోటల్లో టీ తాగుతూ ఉంటే పాత జగ్గయ్యపేట మనిషి ఒకరు పలకరించాడు. ముసలావిడ ఆ ఏడాది వానాకాలంలో పోయిందట. ఆఖరి దాకా కోడలే చూసిందట. నూనె బేరం ఎవరికో అప్పగించి, కోడలు ఇక్కడే ఈ ఆసుపత్రిలో ఆయాగా కుదిరిందట. నర్సు ట్రైనింగుకి కూడా పంపిస్తామన్నారట. “చదువుకున్నది ఐదో క్లాసేనంట గానీ, భలే చురుకు మనిషండీ,” అన్నాడు. అతను వెళ్ళిపోయాక నేను ఇంకో టీ చెప్పాను.

కాసేపటికి ఆసుపత్రి వరండాలోకి ఆవిడ వచ్చింది. తెల్లచీర. జుట్టు బిగించి ముడి వేసుకుంది. చేతిలో గుడ్డ కప్పిన పళ్ళెం ఉంది. పక్కనున్న ఇంకో ఆయా ఏదో అంటే తల వెనక్కి వేసి నవ్వింది. నాకు తెలిసిన ఆ నాలుగు నెలల్లో కూడా అంత తేలిగ్గా నవ్వడం నేను చూడలేదు. మధ్యలో ఒక్క రోడ్డే. ఒక లారీ పోయింది, రెండు ఎడ్లబళ్ళు పోయాయి, దారి ఖాళీ అయింది. లేచి నిలబడ్డాను. ఏమని పిలవాలో తెలియలేదు. అక్కయ్యగారూ అనలేను. ఇంకే పేరుతోనూ పిలిచే హక్కు నేను తెచ్చుకోలేదు.

ఆవిడ పళ్ళెం పట్టుకుని లోపలి వార్డులోకి వెళ్ళిపోయింది. హోటలతను, “టీ చల్లారిపోయిందండీ, మళ్ళీ వేడి చేసివ్వనా?” అని అడిగాడు. వద్దన్నాను. బెజవాడ బస్సు వచ్చేదాకా ఆ వరండా వైపే చూస్తూ నిలబడ్డాను. బస్సు వచ్చింది, ఎక్కాను.